సముద్రాన్ని మింగిన గుట్ట

నెల్లూరు వెళ్ళొచ్చానని చెప్పగానే ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతున్నారు, చేపల పులుసు తిన్నారా అని. తిన్నాను. రెండుసార్లు తిన్నాను, రెండుసార్లూ గొంతులో ముల్లు గుచ్చుకుంది. పులుసు సంగతి తర్వాత చెబుతాను గానీ, నేను వెళ్ళింది దాని కోసం కాదు. ఒక తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళాను.

నా ఉద్యోగం గురించి ముందు చెప్పాలి. హైదరాబాదులో ఒక యూనివర్సిటీ భూగర్భశాస్త్ర విభాగంలో ముప్ఫై ఒక్కేళ్ళు రాళ్ళు పగలగొట్టాను. మాటవరసకు అనడం లేదు, నాకు జీతం ఇచ్చింది దానికే. పరిశోధన చేసే పిల్లలు ఎక్కడెక్కడి గుట్టల నుంచో గోనెసంచుల్లో రాళ్ళు మోసుకొస్తారు. నేను వాటిని పొడి చేసి, జల్లించి, నీళ్ళలో కడిగి, చివరికి చిటికెడు గింజలు చిన్న సీసాలో పోసి ఇస్తాను. ఆ గింజలను జిర్కాన్ అంటారు. చక్కెర పలుకు కన్నా బాగా చిన్నవి. కొండలు కరిగినా ఇవి ఒక పట్టాన కరగవు. ఎప్పుడు పుట్టాయో ఆ వయసును లోపల దాచుకుని కూర్చుంటాయి.

ఈ పనిలో ఒకటే కట్టుబాటు. ఒక రాయిని జల్లించిన నైలాన్ గుడ్డను ఇంకో రాయికి వాడకూడదు. వాడినది పారేయాలి. ఎంత ఉతికినా ఒకటో రెండో గింజలు దాని కళ్ళలో ఇరుక్కుని ఉంటాయి. ఈ సంగతి కొత్తగా చేరిన వాళ్ళందరికీ నేనే చెప్పేదాన్ని. అలాంటిది, నాలుగేళ్ళ క్రితం ఒకసారి కొత్త గుడ్డ కోసం పెట్టిన కాగితం నెలల తరబడి ఆఫీసులోనే తిరుగుతుంటే, పాత గుడ్డను సబ్బుతో ఉతికి ఆరేసి మళ్ళీ వాడాను. మా ఇంట్లో కాఫీ గుడ్డను అలాగే వాడతాం. చేయి అలవాటు పడిపోయింది.

ఆ గుడ్డలో అంతకు ముందు జల్లించింది నెల్లూరు దగ్గరి మైపాడు సముద్రపు ఒడ్డు ఇసుక. తర్వాత జల్లించింది మా విభాగంలో పరిశోధన చేసే ప్రసన్న తెచ్చిన రాయి. ఈ సంగతి నాకు నాలుగేళ్ళ తర్వాత, రిటైరయ్యాక తట్టింది. ప్రసన్న తన థీసిస్ చిత్తుప్రతి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మొదటి పేజీలో కృతజ్ఞతల కింద నా పేరు ఉంది. లోపల ఒక ఫొటో ఉంది, నున్నటి గుండ్రటి గింజలు. ఆ గుండ్రదనం చూడగానే నాకు ఆ గుడ్డ గుర్తొచ్చింది. అలలు దొర్లించిన గింజలు అలా ఉంటాయి.

"ఇన్నేళ్ళు మా రాళ్ళు పగలగొట్టినావు, ఒక్క గుట్ట కూడా చూడలేదు గదా అక్కా. చివరి ఫొటోల కోసం పోతా ఉండా, నువ్వూ రా" అంది ప్రసన్న. ల్యాబులో అందరికీ నేను అక్కనే. ఆ పాత గుడ్డ ఇంకా నా సామాన్ల పెట్టెలో ఉంది. పారేయలేని జబ్బు నాది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బట్టల అడుగున పెట్టుకుని బయలుదేరాను.

మైపాడు

రైలు దిగి, కారం దోసె తిని, నేరుగా ఒడ్డుకే వెళ్ళాం. కారం దోసె యాభై రూపాయలు. తిన్నాక నోరు చల్లార్చుకోవడానికి తాగిన మజ్జిగ ఇంకో ఇరవై. మాది కొవ్వూరు, గోదావరి ఒడ్డు. కారం మాకూ అలవాటే. అయినా ఇక్కడి వాళ్ళు దోసె మీద ఎర్రకారం పూసే తీరు గోడకు సున్నం వేసినట్టు ఉంటుంది.

ఒడ్డున ఇసుక నేను అనుకున్నట్టు లేదు. తెల్లటి ఇసుక మీద అక్కడక్కడా ముదురు ఎరుపు చారలు, వాటి పక్కన నల్లటి చారలు. అల వచ్చి పోయినప్పుడల్లా చారలు కొంచెం జరుగుతున్నాయి. వంగి ఒక పిడికెడు ఎర్ర ఇసుక తీశాను. చేతికి బరువుగా తగిలింది. అది గార్నెట్, ఎర్రటి రత్నపు రాయి పొడి. ముప్ఫై ఒక్కేళ్ళు సీసాల్లో చూసిన సరుకు ఇలా ఒడ్డు పొడవునా పడి ఉంటే ఇంకో పిడికెడు తీశాను.

మేం ఇసుక తవ్వుతుంటే ఒకాయన వచ్చి నిలబడ్డాడు. యాభై ఏళ్ళ మనిషి, పేరు పోలయ్య. వాళ్ళది ఆ ఊరి చేపల వేట కుటుంబం. ఆయన మాత్రం ముత్తుకూరు వైపు ఒక రొయ్యల హేచరీలో, అంటే రొయ్య పిల్లలను పుట్టించే చోట, మైక్రోస్కోపు పని చేస్తాడట. ఆ రోజు సెలవు.

"ఏందమ్మా, బంగారం ఏమైనా దొరికిందా?" అన్నాడు.

"ఇసుకే అన్నా. ఇది ఏడ నుంచి వచ్చిందో చూస్తా ఉండాం" అంది ప్రసన్న.

"ఏడ నుంచి వస్తాది? పెన్నలో నుంచి వస్తాది. వరద వచ్చిన ఏడు ఈ ఎర్రిసక ఎక్కువ. మా నాయన చెప్పేవాడు, పైన ఏదో కొండ అరిగిపోతా ఉండాదిరా అని."

ఆ మాటకు ప్రసన్న నా వైపు చూసి నవ్వింది. ఆమె ఆరేళ్ళు పుస్తకాలతో కుస్తీ పట్టి తెలుసుకున్నది ఆయన నాన్న ఒడ్డున కూర్చునే చెప్పేశాడు. పోలయ్య తన ఫోన్ నంబరు ఇచ్చి, హేచరీ చూడాలంటే రమ్మన్నాడు. వాళ్ళ వదిన నడిపే పూరి పాకలో పులుసు తిన్నాం. ఇక్కడ పులుసులో మామిడికాయ ముక్క వేస్తారు. మొదటి ముల్లు అక్కడే గుచ్చుకుంది. ఉత్త అన్నం ముద్దలు మింగి దింపుకున్నాను.

చెప్పాల్సిన మాట మాత్రం గొంతులోనే ఉంది. సాయంత్రం బస్సులో చెబుదామనుకున్నాను. బస్సులో సీటు దొరకలేదు. నిలబడి చెప్పే మాట కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

బుచ్చిరెడ్డిపాలెం

ప్రసన్న వాళ్ళది బుచ్చిరెడ్డిపాలెం పక్కన వరి పండించే ఇల్లు. తండ్రి లేడు. తల్లి పెంచలమ్మ రెండెకరాలు సొంతంగా చేసుకుంటుంది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది.

"రాళ్ళు కొట్టే చేతులంటే ఎట్టా ఉంటాయో అనుకున్నా. మెత్తగానే ఉండాయే" అంది.

"మిషను కొడుతుందండీ, నేను కడుగుతాను" అన్నాను.

"అండీ గిండీ వద్దక్కా, పెంచలమ్మా అను చాలు."

ఆ వైపు పేరున్న మొలగొలుకుల బియ్యం వండింది. పాతబియ్యం. అన్నం వడ్డిస్తుంటే ఏ మెతుక్కామెతుకు విడిగా రాలింది. మా వైపు పెళ్ళిళ్ళలో కూడా ఇంత మంచి అన్నం తినలేదు. ఎండురొయ్యలు వేసిన పప్పు, వంకాయ పులుసు, చివర గడ్డపెరుగు. తింటున్నంతసేపూ ఆవిడ కూతురి గురించే మాట్లాడింది. ఊళ్ళో ఆమెతో చదివినవాళ్ళంతా ఏవో ఉద్యోగాల్లో చేరిపోయారు. "రాయికి వయసు తెలుసుకోవడానికి ఆరేళ్ళు చదవాలా" అని చుట్టాలు అడుగుతారు. ఈ డిసెంబరులోపు థీసిస్ ఇచ్చేయాలి. ఇవ్వకపోతే రిజిస్ట్రేషను పోతుంది, ఆరేళ్ళూ పోతాయి.

"మీరే గదక్కా దాని రాళ్ళన్నీ చేసిచ్చింది. మా యమ్మి చెప్తానే ఉంటాది, సుభద్రక్క చేస్తే తప్పుండదు అని."

నేను పెరుగన్నం కలుపుతూ తల వంచుకున్నాను. ఆ ఇంట్లో, ఆ పళ్ళెం ముందు కూర్చుని చెప్పడం నావల్ల కాలేదు. పిరికితనమే, ఇంకో పేరు పెట్టను.

గుట్ట

మర్నాడు పొద్దున ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వైపు వెళ్ళాం. థీసిస్ అచ్చయ్యేదాకా ఊరి పేరు బయటపెట్టవద్దని ప్రసన్న నా దగ్గర మాట తీసుకుంది. చుట్టుపక్కల వాళ్ళు ఆ చోటును పచ్చరాళ్ళ గుట్ట అంటారు, అంతవరకు చెప్పొచ్చు. బస్సు దిగి రెండు మైళ్ళు నడవాలి. మొదటి మైలులోనే నా చెప్పు తెగింది. ప్రసన్న తన సంచికి కట్టిన పురికొస ఇస్తే చెప్పును కాలికి కట్టుకుని, కుంటుకుంటూ ఎక్కాను.

పైన పాతకాలపు గుంతలు ఉన్నాయి. ఎవరు తవ్వారో, ఎప్పుడు తవ్వారో ఎవరికీ తెలియదు. రాగి కోసం తవ్వారని మాత్రం రాళ్ళ మీది పచ్చ చూస్తే తెలుస్తుంది. పాత రాగి బిందె అడుగున పట్టే చిలుము రంగు అది. మేకలు తోలుకుంటూ వచ్చిన ఒక ముసలమ్మ, మేమూ దానికోసమే వచ్చామనుకుని, మంచి పచ్చరాయి ఏరి నా చేతిలో పెట్టింది.

"నూరి మేకల గిట్టల పుండుకు పెట్టు, మూడు దినాల్లో మానతాది" అంది. నాకు మేకలు లేవని చెబితే జాలిగా చూసింది.

ప్రసన్న నన్ను ఒక గుంత అంచుకు తీసుకెళ్ళి, గోడలాంటి రాతి ముందు నిలబెట్టింది.

"ఇట్టా చెయ్యి పెట్టక్కా" అని నా అరచేతిని ఎడమ పక్క ఆనించింది. బూడిదరంగు గ్రానైట్, గరుకుగా ఉంది. "ఇది ఒకప్పుడు కరిగిన ముద్ద. కింద నుంచి పైకి వచ్చింది." చేతిని బాగా కుడికి జరిపింది. తెల్లటి రాయి, పటికబెల్లంలా మెరుస్తోంది. "ఇది సున్నపురాయి. ముందు నుంచీ ఇక్కడే ఉండాది. ఆ ముద్ద వచ్చి దీనికి తగిలింది." రెంటికీ మధ్య మూరెడు వెడల్పున ఒక పట్టీ ఉంది. అందులో ఎర్రటి గార్నెట్లు శనగగింజలంత, వాటి మధ్య ఆకుపచ్చ రాయి, దాని సందుల్లో పసిడిరంగు రాగి ఖనిజం. వేడి ముద్ద సున్నపురాయిని తాకిన చోటే పుట్టేది ఈ పట్టీ. స్కార్న్ అంటారు. ఆ మాట సీసాల మీద చీటీల్లో వందలసార్లు రాశాను. నేను రాసిన మాటకు ఇంత ఒళ్ళు ఉంటుందని, ఎండకు వెచ్చగా ఉంటుందని తెలియదు.

చాలాసేపు చేయి తీయలేదు. నూరు కోట్ల ఏళ్ళకు పైమాటే అంటుంది ప్రసన్న. నాకు నూరు కోట్లు అర్థం కాదు. ఒక నిప్పుముద్ద ఇక్కడిదాకా వచ్చి ఆగిందని, ఆగిన గీత నా వేళ్ళ కింద ఉందని మాత్రం అర్థమైంది. ఆ ఆశ్చర్యానికి ఏడుపొచ్చింది. అరవై ఏళ్ళ మనిషిని, కాలికి పురికొస కట్టుకుని, రాయిని పట్టుకుని ఏడ్చాను.

"అసలు ప్రశ్న ఇది గాదక్కా. ఆ ముద్ద ఏడ నుంచి వచ్చింది?" అంది ప్రసన్న. "రాగి తెచ్చే ముద్ద బాగా లోతు నుంచి వస్తాదని అంటారు. అది నిజమే. కానీ ఈడకి వచ్చే దారిలో అది ఇంకేదో మింగింది. కింద పూడిపోయిన పాత సముద్రపు ఒడ్డును మింగింది. ఆ ఒడ్డు ఇసుకే ఈ గ్రానైట్లో కలిసింది. సాక్ష్యం నీ సీసాలో ఉండాది గదా. ఆ గుండ్రటి గింజలు. సముద్రం దొర్లిస్తే తప్ప అట్టా నున్నగా కావు."

ఇక ఆపుకోలేకపోయాను.

"ప్రసన్నా, ఆ గింజలు నీ గుట్టవి కాకపోవచ్చమ్మా. మైపాడు ఇసుకవి కావచ్చు. నేను గుడ్డ మార్చలేదు."

మొత్తం చెప్పాను. కాఫీ గుడ్డ సంగతితో సహా చెప్పాను. ఆమె నెమ్మదిగా అడిగింది, "వయసు చూస్తే తెలియదా?"

"ఎలా తెలుస్తుంది? ఒడ్డు ఇసుక కూడా ఈ కొండలు అరిగి వచ్చిందే కదా. వయసులు ఒకటే ఉంటాయి."

ఆమె భుజం మీద చేయి వేయబోయాను. విదిలించుకోలేదు గానీ, ఒక అడుగు వెనక్కి వేసింది. నా చేయి గాలిలో ఉండిపోయింది. సుత్తి తీసుకుని గుంత అవతలి వైపుకు వెళ్ళి, గ్రానైట్‌ను కొట్టడం మొదలుపెట్టింది. అంత గట్టిగా రాయి కొట్టడం ఎవరి దగ్గరా వినలేదు. గంటసేపు కొట్టింది. గోనెసంచి నింపింది. తిరుగు బస్సులో సీట్లు దొరికాయి, పక్కపక్కనే కూర్చున్నాం, బుచ్చిరెడ్డిపాలెం దాకా ఆమె గోనెసంచిని కాళ్ళ దగ్గర పెట్టుకుని కిటికీ వైపే తిరిగి ఉంది.

ఇనప రోలు

మూడోరోజు పొద్దున నేను సంచి సర్దుకుంటున్నాను, హైదరాబాదు వెళ్ళిపోదామని. ప్రసన్న వచ్చి గోనెసంచిని నా ముందు దించింది.

"దంచు అక్కా. గుట్టలో గుండ్రటివి నిజంగా ఉండాయో లేదో చూద్దాం" అంది. ముఖంలో కోపం అలాగే ఉంది. కానీ అక్కా అంది కదా, ఆ మాట పట్టుకుని లేచాను.

పెంచలమ్మకు రాత్రే చెప్పినట్టుంది. ఆవిడ కాఫీ మాత్రం ఎప్పటిలాగే ఇచ్చింది. పెరట్లో రోలు చూపించింది. అది రాతిది. రాతిరోట్లో రాయి దంచితే రోలు పొడి కూడా కలుస్తుంది, వద్దన్నాను. మసాలాలు దంచే ఇనప రోలు ఒకటి అటక మీద నుంచి దింపింది. బూడిదతో మూడుసార్లు తోమాను. మొదట దంచిన దోసెడు పొడిని పారబోశాను, రోలుకు ఏమైనా అంటి ఉంటే దాంతో పోతుందని. పెంచలమ్మ చూస్తూ ఉంది.

"ఇంత శుద్ధి తెలిసినదానివి, అప్పుడెట్టా మరిచిపోయినావక్కా?" అంది. తిట్టులా లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మరిచిపోలేదు పెంచలమ్మా. తెలిసే చేశాను. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను."

ఆవిడ తల ఊపింది. రోకలి నా చేతికి ఇచ్చింది.

పొద్దెక్కేదాకా వంతులవారీగా దంచాం. ఇంట్లో విప్పని కొత్త గుడ్డ ఒకటి ఉంటే దాంట్లో జల్లించాం. ఇక మిగిలింది పొడిని నీళ్ళలో కడిగి బరువు గింజలను వేరు చేయడం. దానికి మా ల్యాబులో ఊగే బల్ల ఉంది. ఇక్కడ ఏం చేయాలా అని నేను అటూ ఇటూ చూస్తుంటే, పెంచలమ్మ ఒక కొత్త స్టీలు గిన్నె తెచ్చి పీట మీద కూర్చుంది.

"బియ్యం గాలించినట్టే గదా" అంది.

వరి పండే ఊళ్ళో ఆడవాళ్ళకు గాలించడం ఎవరూ నేర్పక్కర్లేదు. గిన్నెలో నీళ్ళు పోసి తిప్పుతూ ఉంటే తేలికైన బియ్యం నీళ్ళతో పాటు పక్క గిన్నెలోకి జారిపోతుంది, బరువైన రాళ్ళు అడుగున ఉండిపోతాయి. ఆవిడ మణికట్టు తిప్పుతుంటే తెల్లటి పొడి పాలలా పారిపోయింది. పోసి, తిప్పి, వంచి, మళ్ళీ పోసి. ఒకటే లయ. ఊగే బల్ల మీద నేను అరపూట చేసే పని ఆవిడ అరగంటలో చేసింది.

"పుట్టినకాడ్నించీ రాళ్ళు పారేసి బియ్యం ఉంచుకున్నా. ఇప్పుడేంది, బియ్యం పారేసి రాళ్ళు ఉంచమంటారు" అంది పెంచలమ్మ. ప్రసన్న మొహం మీద అప్పటికి మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది.

గిన్నె అడుగున చెంచాడు నల్లటి ఇసుక మిగిలింది. ఎండలో ఆరబెట్టి, అయస్కాంతం కాగితంలో చుట్టి దాని మీద తిప్పాం. అంటుకున్నది తీసేశాం. మిగిలిన చిటికెడును సీసాలో పోశాను. హైదరాబాదు తీసుకెళ్ళి చూడాలంటే ఇంకో రెండు రోజులు. ప్రసన్న ఆగేటట్టు లేదు. మైక్రోస్కోపు ఎక్కడ దొరుకుతుందా అనుకుంటుండగా ఇద్దరికీ ఒకేసారి పోలయ్య గుర్తొచ్చాడు.

ముత్తుకూరు దాటి

నాలుగోరోజు ముత్తుకూరులో బస్సు దిగి ఆటో ఎక్కాం. ఆటో అతను నూట యాభై అడిగాడు, నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. దారి పొడవునా ఒక పక్క రొయ్యల చెరువులు, దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, బొగ్గు లారీలు. దాటి వెళ్తే ఒడ్డు మీదే హేచరీ.

గుమ్మంలోనే పోలయ్య ఆపేశాడు. చెప్పులు బయట విప్పాలి. వంగపండు రంగు మందునీళ్ళలో కాళ్ళు ముంచాలి. చేతులు కడగాలి. లోపల వరసగా తొట్లు. ప్రతి తొట్టికీ దాని వల, దాని బకెట్టు, దాని చెంబు వేరే వేలాడుతున్నాయి.

"ఒక తొట్టి వల ఇంకో తొట్టిలో ముంచమక్కా. పొరపాటున ముంచినామా, ఒక దాని జబ్బు అన్నిటికీ పాకతాది. లక్షల పిల్లలు పోతాయి" అని గర్వంగా చెప్పాడు.

నేను నేల చూపులు చూశాను. ప్రసన్న గొంతు సవరించుకుంది. "విన్నావా అక్కా" అంది. ఆ రెండు మాటల్లో కోపం సగమే ఉంది.

పోలయ్యకు మేం వెతుకుతున్నదేమిటో చెప్పవద్దని ప్రసన్న ముందే అంది. తెలిస్తే మనిషి కన్ను కావలసినదాన్నే చూస్తుందట. ఆయన పని తల్లి రొయ్యల్లో గుడ్లున్న వాటిని ఏరడం, తర్వాత పిల్లలను మైక్రోస్కోపులో చూసి ఎదుగుదల చెప్పడం. కాబట్టి చూపుకు కొదవ లేదు.

"ఏం కనిపిస్తే అది చెప్పన్నా, చాలు."

అప్పుడు నా సంచి తెరిచి ఆ పాత గుడ్డను తీశాను. అది తెచ్చానని ప్రసన్నకు తెలియదు. గాజుపలక మీద గుడ్డను తిరగేసి వేలితో తట్టాను. రెండు మూడు నలుసులు రాలాయి. నాలుగేళ్ళ తర్వాత, సబ్బుతో ఉతికాక కూడా రాలాయి. లోపల ఏముందో కనిపించేలా మీద కొబ్బరినూనె చుక్క వేసి, నేనే పలకను మైక్రోస్కోపు కింద పెట్టాను. నా తప్పు ముందు తేలాలి కదా.

పోలయ్య వంగి చూశాడు. "గుండ్రంగా ఉండాయి. నున్నగా, గులకరాళ్ళ మాదిరి. లోపల ఏం లేదు, ఒట్టివి."

ప్రసన్న కళ్ళు మూసుకుంది. థీసిస్ ఫొటోలో ఉన్నవి అవే.

తర్వాత పెంచలమ్మ గాలించిన సీసాలోంచి చిటికెడు తీసి కొత్త పలక మీద చల్లాం. పోలయ్య పలకను మెల్లగా జరుపుతూ చెప్పుకుంటూ పోయాడు.

"ఇవి వేరే జాతి. రెండు పక్కలా మొనలు తేలి ఉండాయి, పెన్సిల్ చెక్కినట్టు. ఇది ఒట్టిది. ఇదీ ఒట్టిది. ఇది విరిగిపోయింది. ఒట్టిది."

బయట అలల చప్పుడు వినిపిస్తోంది. నేను కొంగు చివర మెలిపెడుతూ నిలబడ్డాను. ప్రసన్న కిటికీ దగ్గర బయటికి చూస్తూ ఉంది. ఆరేళ్ళ చదువు, తల్లి రెండెకరాలు, చుట్టాల మాటలు, అన్నీ ఆ చిన్న పలక మీదే ఉన్నాయి.

"ఒట్టిది. ఆగండాగండి." పోలయ్య మర తిప్పాడు. తల ఎత్తలేదు. "ఇది కడుపుతో ఉండాదమ్మా."

"ఏందన్నా?" అంది ప్రసన్న.

"పైన మొనల పెంకు ఉండాది గదా, దాని లోపల ఇంకోటి ఉండాది. గుండ్రంగా, నున్నగా. రొయ్య కడుపులో గుడ్డు అగుపించినట్టు అగుపిస్తా ఉండాది. చూస్కోండి."

ప్రసన్న చూసింది. చాలాసేపు చూసింది. లేచి నిలబడి, నన్ను కూర్చోబెట్టింది. నేను కన్ను ఆనించాను. మొనలు తేలిన తెల్లటి స్ఫటికం, అద్దంలా ఉంది. దాని నడిమధ్య ఒక గుండ్రటి గింజ. సముద్రం దొర్లించిన గింజ. దాన్ని ఆ నిప్పుముద్ద మింగింది, కరిగించలేకపోయింది, చుట్టూ కొత్త పెంకు కట్టి దాచుకుంది. ఏ గుడ్డలో నుంచీ ఇది రాలదు. రాయి లోపల, గింజ లోపల ఉన్న గింజకు నా చేయి తగలనే లేదు. లోకంలో మనిషి పుట్టకముందు, మేకలు పుట్టకముందు, ఏదో ఒడ్డున ఏదో అల దీన్ని నున్నగా చేసింది. ఆ అల పని నేను చూస్తున్నాను. రెండు చేతులూ జోడించాను, ఎవరికో తెలియదు.

మధ్యాహ్నంలోపు పోలయ్య అలాంటివి ఇంకా మూడు చూపించాడు. ఆయన వదిన పంపిన పులుసు క్యారేజీ నలుగురు తినేలా ఉంది, ముగ్గురం తిన్నాం. రెండో ముల్లు అక్కడ గుచ్చుకుంది.

"పాత లెక్కలో ఒట్టి గుండ్రటివన్నీ తీసెయ్యాలి" అంది ప్రసన్న చేయి కడుక్కుంటూ. "మళ్ళీ దంచాలి, మళ్ళీ కొలవాలి. డిసెంబరుకు కాదు. ఆరు నెలలు గడువు అడగాలి. ఎందుకని అడుగుతారు."

"నేను రాసిస్తాను" అన్నాను.

పోలయ్య బల్ల మీదే కూర్చుని రాశాను. ఏ రోజు, ఏ ఇసుక, ఏ రాయి, గుడ్డ మార్చకపోవడం, అది తెలిసే చేయడం. కింద సంతకం పెట్టాను. పోలయ్య భుజం మీదుగా చదివి అడిగాడు, "ఇదంతా రాస్తే నీకు చెడ్డపేరు రాదా అక్కా?"

"వస్తుంది. గుడ్డ మార్చనిది నేనే కదా."

థీసిస్ మొదటి పేజీలో నా పేరు తీసేయమని ప్రసన్నతో చెప్పాను. ఆమె చిత్తుప్రతి తెరిచి, పెన్ను తీసి, నా పేరు కింద ఇంకో రెండు పేర్లు రాసింది. పెంచలమ్మ, పోలయ్య. నా పేరు అలాగే ఉంచింది.

ఆటో వచ్చేలోగా ఒడ్డుకు నడిచాం. ఇక్కడా ఎర్ర ఇసుక చారలు ఉన్నాయి. పచ్చరాళ్ళ గుట్టా, అలాంటి ఇంకెన్నో గుట్టలూ అరిగి, వాగుల్లో పడి, పెన్నలో కొట్టుకొచ్చి ఇక్కడ చేరాయి. ఒకప్పటి ఒడ్డు కొండైంది, కొండ మళ్ళీ ఒడ్డైంది. తెలిసిన మనిషిలా నిబ్బరంగా చీలమండల లోతు నీళ్ళలో నిలబడ్డాను. అల వచ్చి వెనక్కి పోతూ నా పాదాల కింది ఇసుకను లాక్కుపోయింది. గోదావరి రేవులో చిన్నప్పటి నుంచీ ఎరిగిన సంగతే. కానీ ఈసారి కాళ్ళ కింద నుంచి జారిపోతున్నది ఒక గుట్ట అనిపించి, నిజంగానే భయం వేసింది. చటుక్కున ప్రసన్న చేయి పట్టుకున్నాను.

ఆమె అడుగు వెనక్కి వేయలేదు.